నల్లగుడ్డలో గాజు కుప్పె

నేనొక గాజు కుప్పెను. గుండ్రటి పొట్ట, సన్నటి మెడ, మెడ పక్కన పొట్టి చెయ్యి, ఆ చేతికి తిప్పితే తెరుచుకునే గాజు కొళాయి. నాలాంటి వాటిని రసాయనశాలల్లో ష్లెంక్ కుప్పెలంటారు. మా పని ఒక్కటే, లోపలున్న దానికి గాలి తగలనివ్వకపోవడం. మీరు గాలి పీల్చి బతికేవాళ్లు కాబట్టి ఇది మీకు వింతగా ఉంటుంది. నా కడుపులో తయారయ్యే కొన్ని పదార్థాలకు మీ గాలే విషం. అందుకని ముందు నాలోని గాలినంతా పంపుతో లాగేస్తారు, ఆ ఖాళీలో నత్రజని నింపుతారు, మళ్లీ లాగేస్తారు, మళ్లీ నింపుతారు. నోరు మూసుకుని ఊపిరి బిగబట్టి కూర్చోవడంలో నన్ను మించినవాళ్లు లేరు. మీ ఆఫీసుల్లో అయితే ఈపాటికి నాకు ప్రమోషన్ వచ్చేది.

పుట్టింది హైదరాబాదులో, ఒక ఇరుకు షెడ్డులో. యూసుఫ్ భాయ్ అనే ఆయన గాజు గొట్టాన్ని మంటలో తిప్పుతూ, బుగ్గలు పొంగించి ఊదితే నాకు పొట్ట వచ్చింది. ఆయన నన్ను వెలుతురుకు ఎత్తి పట్టి ఒకసారి చూసి, గడ్డిలో చుట్టి అట్టపెట్టెలో పెట్టాడు. అక్కడి నుంచి వరంగల్ పక్కన ఒక విద్యాసంస్థకు చేరాను. రసాయన విభాగంలో కేదారి సార్ ల్యాబ్ అంటే రెండు గదులు, ఎప్పుడూ గురక పెట్టే ఒక పంపు, పొగను బయటికి లాగేసే అద్దాల గూళ్లు. ఆ గూళ్లను హుడ్‌లంటారు.

నన్ను మొదట వాడినవాడు భూమేశ్ అనే పరిశోధక విద్యార్థి. చెడ్డవాడు కాదు కానీ బద్ధకానికి చొక్కా తొడిగినట్టుండేవాడు. పని అయిన రోజున నన్ను కడిగిన పాపాన పోలేదు. అడుగున అంటుకుని ఎండిపోయిన దాన్ని తర్వాత ఇనప పుల్లతో గీకేవాడు. ఆ గీతలు నా కడుపులో అలాగే ఉండిపోయాయి. థీసిస్ అయ్యాక ఒక మందుల కంపెనీలో ఉద్యోగం వచ్చిందని ల్యాబంతా మిఠాయిలు పంచాడు. పంపుకు, తరాజుకు, నాకు మాత్రం ఎవరూ థ్యాంక్స్ చెప్పలేదు. నన్ను పై అలమరలో పెట్టి వెళ్లిపోయాడు, నేను దుమ్ము పట్టి కూర్చున్నాను.

నన్ను అక్కడి నుంచి దించింది స్వరూప.

ఆమెది ల్యాబ్‌లో అందరికంటే పెద్ద వయసు. ఎమ్మెస్సీ అయ్యి, పెళ్లయ్యి, మధ్యలో కొన్నేళ్లు చదువు వదిలేసి, మళ్లీ వచ్చింది. మాట తక్కువ. నన్ను దించగానే సబ్బునీళ్లతో కడిగి, పొయ్యిలో ఆరబెట్టి, వెలుతురుకు పట్టి భూమేశ్ గీతలు చూసి పెదవి విరిచింది. అయినా నన్నే ఉంచుకుంది. కొత్త కుప్పెలు కొనే స్తోమత ఆ ల్యాబ్‌కు ఏడాదికోసారి వచ్చేది, అదీ వస్తే.

ఆమె ఎత్తుకున్న పని ఏమిటో నాకు తెలిసింది ఓదెలు వల్ల. ఓదెలు ఆ ఏడే కొత్తగా చేరిన కుర్రవాడు, ఆమె పక్క బల్ల. ఆమెను అక్కా అనేవాడు. ఒక మధ్యాహ్నం ఆమె నాలో ఇనుప లవణం కరిగించి, కుళ్లిన ఉల్లిపాయ వాసన కొట్టే గంధకపు ద్రవం కలిపి, దాంట్లోకి సన్నటి గొట్టంతో ఒక వాయువును పంపుతోంది. ఓదెలు ముక్కు మూసుకున్నాడు.

"ఇన్ని టాపికులుండంగ ఈ కంపు టాపిక్ ఎందుకు పట్టుకున్నవక్కా?"

ఆమె కొళాయి మీది నుంచి చూపు తిప్పలేదు. "నాకొక పాప పుట్టిందిరా. పుట్టంగనే మంచిగనే ఏడ్సింది. జరసేపటికి ఊపిరాడలే. ఊపిరితిత్తులల్ల రక్తనాళాలు బిగుసుకున్నయన్నరు డాక్టర్లు. ఒక గ్యాస్ ఉంటది, అది పీలిస్తె ఆ నాళాలు తెరుసుకుంటయి, మా దగ్గర లేదు, హైదరాబాద్ తీస్కపోండ్రి అన్నరు. అంబులెన్స్ జనగామ దాటింది. గంతే."

"ఆ గ్యాసేందక్కా?"

"నైట్రిక్ ఆక్సైడ్."

ఓదెలు నా వైపు చూశాడు. నాలోకి బుడగలు బుడగలుగా దిగుతున్నది అదే. పక్క కుప్పెలో నైట్రైట్ ఉప్పు మీద ఆమ్లం చుక్కలు వేస్తే బుసబుసా పుట్టుకొస్తున్నది అదే. ఎమ్మెస్సీ పిల్లలు కూడా చేయగలిగిన గాలి. శుద్ధి చేసి, కొలతగా పీల్పించే ఏర్పాటు ఉంటే ఒక పసిదాని ప్రాణం నిలబెట్టే గాలి. ఆ ఏర్పాటు ఆ రోజు ఆమె ఉన్నచోట లేకపోయింది. ఓదెలు ముక్కు మీద నుంచి చెయ్యి తీసేశాడు.

ఆమె పట్టుదల అదీ. ఆ వాయువును ఇనుముకు కట్టేయాలి. ఇనుము దాన్ని గట్టిగా పట్టుకుని పొడిలా, స్ఫటికంలా ఉండాలి. చిన్న ఊరి ఆసుపత్రిలో ఫ్రిజ్‌లో పెట్టుకున్నా చెడకూడదు. వెలుతురు పడ్డప్పుడు మాత్రం వదిలేయాలి. కేదారి సార్ ఆమెకు మొదటి రోజే ఉన్నమాట చెప్పాడు. "మందు అయ్యేది మన తరంల కాదమ్మా. మన పని ఆ పదార్థాన్ని చెయ్యడం, అది ఏందో నిర్ధారించడం, గ్యాస్ ఎప్పుడు ఇడుస్తదో చూపించడం. అంతవరకే." ఆమె తలూపింది. అంతవరకే అన్నది ఆమెకు తక్కువగా అనిపించలేదు.

పదార్థం నాలో ఎర్రగా తయారయ్యేది, బాగా కాగిన బెల్లప్పాకం రంగు. చుక్క తీసి పరారుణ కాంతి యంత్రంలో పెడితే కాగితం మీద రెండు గుంటలు పక్కపక్కనే పడేవి. ఇనుము రెండేసి నైట్రిక్ ఆక్సైడులను పట్టుకుందనడానికి అవి గుర్తు. స్వరూప ఆ గుంటల మీద వేలు పెట్టి "ఇగో, లోపలున్నది" అనేది. కడుపుతో ఉన్నప్పుడు స్కానింగ్ కాగితం మీద వేలు పెట్టి ఇలాగే అని ఉంటుంది కదా అనిపించేది.

అయితే గుంటలు చాలవు. అణువులో ఏది దేన్ని పట్టుకుందో కచ్చితంగా తేలాలంటే మంచి స్ఫటికం ఒక్కటి కావాలి. దాని మీద ఎక్స్‌రే పడాలి. ఆ యంత్రం హైదరాబాదులో ఉంది. అది తేలకపోతే వ్యాసం లేదు, థీసిస్ లేదు. ఫెలోషిప్పును అప్పటికే పొడిగించారు, ఇంకోసారి పొడిగించరని సార్ చెప్పేశాడు. ఇంట్లో వాళ్లు అప్పటికే "ఇగ చాలు" అంటున్నారట. ఈ పని కూడా సగంలో చచ్చిపోతే తాను మళ్లీ లేవలేనని ఆమె ఓదెలుతో ఒకసారి అన్నది, నేను విన్నాను.

ఆమె నాకొక సంచి కుట్టింది, తన పాత నల్ల చున్నీతో, నోటికి నాడా పెట్టి. వెలుతురు పడితే పదార్థం విరిగిపోతుంది కదా, అందుకు. ఆ సంచిలో నన్ను చలిపెట్టెలో కూర్చోబెట్టింది. చీకట్లో, చలిలో, చాలా రోజులు కదలకుండా ఉన్నాను. ఒక రోజు నా గోడకు ఏదో సన్నగా గుచ్చుకున్నట్టయింది. స్ఫటికాలు వస్తున్నాయి. ముదురు ఎరుపు, సూదుల్లాంటివి. ఆమె ఎర్రబల్బు వెలుగులో సంచి అంచు కొంచెం జరిపి చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మర్నాడే హైదరాబాదుకు వెళ్లింది, ఎక్స్‌రే యంత్రం దగ్గర వంతు ఖాయం చేసుకోవడానికి. నన్ను చూసుకొమ్మని ఓదెలుకు అప్పజెప్పింది.

ఆ మర్నాడు ఆయుధపూజ.

ల్యాబుల్లో ఆయుధపూజ మీరు చూశారో లేదో. పంపుకు బంతిపూల దండ, కింద నిమ్మకాయ. నత్రజని సిలిండర్‌కు నిలువెల్లా పసుపు పూసి గ్రామదేవతను చేస్తారు. అణువుల గుట్టు విప్పే యంత్రానికి కూడా నొసట ఎక్కడుందో వెతికి మరీ కుంకుమ పెడతారు. దేన్నీ నమ్మని కేదారి సార్ ఈథర్ సీసాలన్నిటినీ పక్క గదికి పంపించి, అటు దేవుడికీ ఇటు నిప్పుకూ కోపం రాకుండా హారతి ఇచ్చాడు. ఇందులో నేను తప్పు పట్టేదేమీ లేదు. ఏడాదంతా తిట్టుకుంటూ వాడిన వస్తువులకు ఒక్క పూట దండం పెట్టడం మనుషులు చేసే మంచి పనుల్లో ఒకటి.

ఓదెలుకు ఆ పూట నేను గుర్తొచ్చాను. అందరి సామాన్లకూ బొట్టు పెట్టి అక్క కుప్పెకు పెట్టకపోతే ఆమెకు అచ్చిరాదని భయపడ్డాడు. చలిపెట్టెలోంచి నన్ను తెచ్చాడు. గుడ్డ మీద కుంకుమ నిలవదు. నాడా విప్పాడు. నా పొట్ట మీద పసుపు రాసి, మధ్యలో శ్రద్ధగా బొట్టు పెట్టి, కిటికీ కింద వరసలో కూర్చోబెట్టాడు. ఎండ నేరుగా నా మీద పడింది. ఒక్క నిమిషమే అనుకున్నాడు. ఇంతలో పులిహోర వచ్చింది, శనగలు వచ్చాయి, ఫోటోలు దిగుదామన్నారు. ఆ ఫోటోల్లో నేను ముందు వరసలో ఉంటాను.

నాలో స్ఫటికాలు మెల్లగా మొద్దుబారాయి. ఎరుపు గోధుమైంది, గోధుమ నలుపైంది. నల్లటి పొడి జారి అడుగుకు దిగింది. ఇనుము వదిలేసింది. ఆమె దేన్ని వదలాలని కోరుకుందో దాన్నే వదిలేసింది, చూసేవాళ్లెవరూ లేనప్పుడు.

స్వరూప మధ్యాహ్నం రైల్లో వచ్చింది. వంతు దొరికిందని సంతోషంగా గుమ్మంలోంచే చెప్పబోయి, వరసలో నన్ను చూసింది. పులిహోర పళ్లేలు పట్టుకున్నవాళ్లంతా ఆగిపోయారు.

"ఎవరు ఇప్పిన్రు?"

"నేనే అక్కా." ఓదెలు పళ్లెం కింద పెట్టేశాడు. "నీదొక్కటి ఇడిసిపెడ్తె మంచిగుండదని... బొట్టు పెడ్దామని..."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే అతను బతికిపోయేవాడు. నన్ను రెండు చేతులతో ఎత్తుకుని హుడ్ కిందికి తీసుకెళ్లి కొళాయి తిప్పింది. నాలో కూడుకున్న వాయువు బయటి గాలిని తాకగానే గోధుమరంగు పొగై, హుడ్ గొట్టంలోకి పోయింది. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

"ఈ జర గాలి కోసమేరా నేను అంబులెన్సుల కూసున్నది" అన్నది స్వరూప. అప్పుడు ఏడ్చింది. నాకు మీలాంటి చేతులుంటే ఆమెను పట్టుకునేవాణ్ని.

సెలవుల్లో కూడా వచ్చి ఆమె పని మళ్లీ మొదలుపెట్టింది, నాతోనే. ఎరుపు వచ్చింది, గుంటలు పడ్డాయి, నల్లసంచి కట్టి చలిపెట్టెలో పెట్టింది. తీసి చూస్తే నల్లటి పొడి. మళ్లీ చేసింది. మళ్లీ నల్లటి పొడి. సంచి ఎవరూ విప్పలేదు. గాలి చొరలేదు. చలికాలం పోయింది, ఎండలు ముదిరాయి, నాలో ఒక్క స్ఫటికం కూడా బతకలేదు.

ల్యాబ్‌లో గుసగుసలు మొదలయ్యాయి. ఆ మూల హుడ్ దగ్గర పసిబిడ్డ మూలుగు వినిపిస్తోందని ఎవరో అన్నారు. నత్రజని బయటికి పోయే బుడగల గొట్టం నూనె తగ్గినప్పుడు అలాగే మూలుగుతుంది, అది నాకు తెలుసు. పంపు ఆపేసి అందరూ వెళ్లిపోయాక సాయంత్రం ఒకసారి నాకూ వినిపించింది. గాజుకు చెవులు లేవు కాబట్టి నా సాక్ష్యం చెల్లదు. స్వరూప మాత్రం ఆ మూలను వదల్లేదు. నల్లసంచిలో నన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. "ఎందుకు పోతున్నవ్? ఏం తక్కువ చేసిన?" అని నెమ్మదిగా అడిగేది. అడిగేది నన్ను కాదు, నాలోని ఇనుమునూ కాదు. తలుపు దగ్గర నిలబడి ఓదెలు వినేవాడు, లోపలికి వచ్చేవాడు కాదు.

ఆ పదార్థాలు ఎందుకు చచ్చేవో చెబుతాను. ఆయుధపూజ నాటి నల్లపొడి నన్ను వదిలిపోలేదు. భూమేశ్ గీసిన గీతల్లో, సబ్బు చేరని చోట, కంటికి ఆననంత మిగిలింది. కొత్తగా వచ్చిన ప్రతి ఎర్రటి ద్రావణం అడుగున దాన్ని తాకేది. తాకిన చోట విరగడం మొదలయ్యేది. పోయింది ఉన్నదాన్ని పట్టుకుని తనతో లాక్కుపోయేది. రసాయనం తెలిసినవాళ్లకు ఇందులో మాయ ఏమీ లేదు, మురికి కుప్పె వ్యవహారమే ఇది.

కేదారి సార్ ఒక రోజు ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. గడువు దగ్గర పడింది. నన్ను తీసుకుని వెలుతురుకు పట్టాడు. అడుగున సన్నటి నీడలాంటి మరక.

"ఇన్నిసార్లు చేసినవ్. కుప్పె మార్చి చూసినవా అమ్మా?"

"లేదు సార్."

"ఆసిడ్ పోసి కడిగినవా?"

ఆమె సంచి నాడాను వేలికి చుట్టుకుంది.

"నీకు తెల్వదా ఇది? ఫస్టియర్ పిల్లలకు నువ్వే చెప్తవ్ గదా."

"తెల్సు సార్." ఆమె నా అడుగున మరకను చూపించింది. "ఆ రోజు గ్యాస్ వచ్చింది దీన్లకెల్లే. దీన్ల ఇంకా జర ఉన్నది. కడిగితే ఇగ ఏం ఉండది."

సార్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నేను కడగనా?" అని మాత్రం అడిగాడు.

"వద్దు సార్. నేనే కడుగుత."

ఆ పని ఆమె తొందరపడి చేయలేదు. చేతికి తొడుగులు వేసుకుంది. నాలో ఆమ్లం పోసింది. నన్ను అటూ ఇటూ తిప్పుతూ, ప్రతి గీతకూ అది తగిలేలా ఒంచుతూ, చాలాసేపు పట్టుకుంది. ఆమ్లం పచ్చబడింది. గీతల్లో నక్కిన ఇనుము కరిగి బయటికి వచ్చింది. ఆమె దాన్ని ఒంపేసి మంచినీళ్లు పోసింది, ఒంపింది, మళ్లీ పోసింది. పసిపిల్లకు లాల పోసేటప్పుడు తల వెనక చెయ్యి పెడతారే, అలా నా అడుగున చెయ్యి పెట్టింది. నీళ్లు తేటగా వచ్చాక కూడా ఆపలేదు. ఓదెలు వచ్చి నెమ్మదిగా నల్లా కట్టేశాడు.

నన్ను ఆరబెట్టి, కొళాయి ఊడదీసి, నోరు తెరిచి అలమరలో పెట్టింది. స్వరూప చేతికి వచ్చాక మొదటిసారి నాలోకి మామూలు గాలి వచ్చి కూర్చుంది, ఎవరూ దాన్ని వెళ్లగొట్టలేదు.

ఓదెలు పక్క విభాగంలో బతిమాలి కొత్త కుప్పె తెచ్చాడు. నాకంటే చిన్నది, గీత పడనిది. అందులో స్ఫటికాలు నిలిచాయి. మంచుగడ్డల డబ్బాలో పెట్టుకుని స్వరూప, ఓదెలు రైల్లో హైదరాబాదుకు తీసుకెళ్లారు. తిరిగొచ్చాక ఓదెలు చెప్పాడు, కాజీపేటలో బండి కదిలిన దగ్గర్నుంచి అక్క ఆ డబ్బా మీద నుంచి చెయ్యి తీయలేదని. జనగామ స్టేషన్ రాగానే కళ్లు మూసుకుందట. బండి జనగామ దాటింది, భువనగిరి దాటింది. సికింద్రాబాదులో దిగేటప్పుడు డబ్బాను తనంతట తానే అతని చేతికిచ్చిందట.

ఎక్స్‌రే జవాబు తెచ్చింది. రెండు ఇనుములు, మధ్యలో వంతెనలా రెండు గంధకాలు, ఒక్కో ఇనుము చేతిలో రెండేసి నైట్రిక్ ఆక్సైడులు. ఎంత వెలుతురుకు ఎంత వాయువు వదులుతుందో కూడా లెక్క తేలింది. కేదారి సార్ ల్యాబ్‌లో ఒక ఆనవాయితీ ఉంది. నిర్మాణం తేలేదాకా ఏ పదార్థానికైనా నంబరే ఉంటుంది. తేలిన రోజున దాన్ని చేసినవాళ్లు అందరి ముందూ నిలబడి దాని అసలు పేరు మొత్తం తడబడకుండా చెప్పాలి, తర్వాత మిఠాయి. దానికి పిల్లలు పెట్టుకున్న ముద్దుపేరు బారసాల.

స్వరూప పేడాలు తెచ్చింది. బల్ల ముందు నిలబడి, టెట్రానైట్రోసిల్ డై ఐరన్ దాకా మూరెడు పొడుగు పేరును ఒక్క ఊపిరిలో చెప్పింది. చప్పట్లు కొట్టారు. కొత్తగా చేరిన పిల్ల ఒకతె ఏమీ తెలియక, "మేడం, బారసాల మస్తయింది" అని నవ్వింది. చప్పట్లు అక్కడక్కడా ఆగిపోయాయి. స్వరూప ఆ పిల్లకు ఇంకో పేడా ఇచ్చింది.

అందరూ వెళ్లాక ఓదెలు ఖాళీ పేడాల డబ్బాను అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. ఇన్నాళ్లూ గొంతులో పెట్టుకున్నది అడిగేశాడు.

"పాపకేం పేరు పెట్టిన్రక్కా?"

"పెట్టలే. ఇరవై ఒకటో దినం దాక ఉంటె గదా." ఆమె కొత్త కుప్పెను ఆరబెడుతోంది. "ముందుగాల్ల అనుకోవద్దు, పుట్టినంక మొఖం చూసి పెడ్దామన్నడు మా ఆయన."

"చూసిన్రు గదా మరి."

"చూసినం." కుప్పెను బల్ల మీద పెట్టింది. "నీలంగ ఉండె. ఆ మొఖానికి ఏం పేరు పెడ్తర్రా ఓదెలూ?"

ఓదెలు డబ్బాను బల్ల మీద పెట్టి, ఆమె పక్కన కూర్చున్నాడు. తర్వాత ఆమె లేచి, "ఇది తొందరగ ఇడుస్తున్నది. మెల్లగ ఇడిసేది కావాలె. గంధకం దిక్కున్న ముక్క మారుద్దాం" అని, నల్లసంచిని దులిపి కొత్త కుప్పెకు తొడిగి నాడా ముడి వేసింది. నా వైపు చూడలేదు. అలమరలో నేను ఎదురుగానే ఉన్నాను, ఒక్కసారి కూడా చూడలేదు. దానికి సంతోషించాను. ఆమె నన్ను చూడకుండా పని చేసుకుంటోంది, ఇంతకంటే నాకు కావాల్సింది ఏముంది?